బర్నబా చేయి: వీడియో ఎడిటింగు నేర్వగోరు మన పేటల యౌవనస్థులు

ఈ నెల పాఠము

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 35:30–35, అపొస్తలుల కార్యములు 9:26–28, 15:36–40, లూకా 1:1–4.
కంఠస్థము చేయవలసిన వచనము: కొలొస్సయులకు 3:23.



మన గ్రామములలో చదువుకొను పిల్లలను, నీవు పెద్దవాడవై యేమి చేసెదవని అడిగినయెడల, పూర్వము ఉపాధ్యాయుడనయ్యెదననియో, నర్సునయ్యెదననియో, మిలిటరీలో చేరెదననియో చెప్పుచుండిరి. నేడు కొందరు వీడియో ఎడిటరునయ్యెదమని చెప్పుచున్నారు. పెండ్లిలో, బాప్తిస్మములో, సువార్త కూటములలో ఫోనుతో బొమ్మలు తీసి, రాత్రివేళ కూర్చుండి వాటిని కత్తిరించి, కూర్చి, పాట చేర్చి, తెలుగు అక్షరములు వేయు పిల్లలు ప్రతి పేటలోను ఉన్నారు. ఈ మాట విని పెద్దలు కొందరు నవ్వుచున్నారు, కొందరు భయపడుచున్నారు. ఈ పిల్లలకు సంఘము చెప్పవలసిన జవాబేమి, చేయవలసిన సహాయమేమి అను సంగతి ఈ పాఠములో ధ్యానించుదము.

1. ఈ పని ఎట్టిది?

మొదట ఆ పని యేమో తెలిసికొనవలెను. కెమెరా తీసినదంతయు ముడి సరుకు. దానిలోనుండి కావలసిన తునకలను ఏరి, వరుసలో పెట్టి, ప్రతి తునక మొదలును చివరయు సరిచేసి, మాటను, పాటను, శబ్దమును కుదిర్చి, చూచువానికి అర్థమగునట్లు చేయుటయే ఎడిటింగు. సెకనునకు 25 బొమ్మల చొప్పున తీసినయెడల, 3 నిమిషముల పాటలో 4,500 బొమ్మలుండును. అందులో నాలుగైదు బొమ్మలు ముందుగా కోసినను, వెనుకగా కోసినను చూపు తడబడును. తల్లి కన్నీరు తుడుచుకొనుటకు ముందే బొమ్మ మారినయెడల ఆ దుఃఖము మనకు అందదు. ఇది ఓపికయు, చెవియు, కన్నును, వివేకమును కోరు పని. ఆటగా మొదలుపెట్టవచ్చును గాని ఆటగా ముగింపలేము.

ఎడిటరు పనిలో ఎక్కువ భాగము ఏది ఉంచవలెనో కాదు, ఏది విడువవలెనో నిర్ణయించుటయే. మన సువార్తికులు ఈ సంగతి ఎరుగుదురు. లూకా తాను అన్నిటిని మొదటినుండి విచారించి తెలిసికొని, థెయొఫిలకు వరుసగా వ్రాసితినని తెలుపుచున్నాడు. యేసు చేసిన సూచక క్రియలు మరి అనేకము కలవనియు, విశ్వాసము కలుగుటకు చాలినవి తాను వ్రాసితిననియు యోహాను 20:30–31 లో చెప్పుచున్నాడు. పరిశుద్ధాత్మ ప్రేరణచే కలిగిన లేఖనమును పెండ్లి వీడియోతో మనము సమానము చేయుట లేదు. ఏరుటయు వరుసగా పెట్టుటయు దేవుని దృష్టికి నీచమైన పని కాదని మాత్రమే చెప్పుచున్నాము.

పూర్వము ఫిల్మును కత్తిరించి, టేపుతో అతుకుచుండిరి. ఆ యంత్రములు పట్టణములలోని పెద్ద స్టూడియోలలో మాత్రమే యుండెను. 1990ల నుండి ఆ పని క్రమముగా కంప్యూటరు మీదికి వచ్చినది. నేడు షాట్‌కట్, కేడెన్‌లైవ్ అను సాఫ్ట్‌వేరులు ఉచితముగా దొరకుచున్నవి. సినిమాలలో వాడు డావిన్సీ రిజాల్వ్ అనుదానికి కూడ ఉచితముగా ఇచ్చు రూపమొకటి కలదు. తెలుగులో పాఠములు యూట్యూబునందు విస్తారముగా ఉన్నవి. అయినను మన పేటల పిల్లలలో ఈ పనిలో స్థిరపడువారు కొద్దిమందియే. ఏలయనగా వారికి కొదువైనది మరియొకటి కలదు.

2. కొదువైనది వరము కాదు

ప్రత్యక్షపు గుడారపు పని కొరకు దేవుడు ఇద్దరిని పేరుపెట్టి పిలిచెను. బెసలేలు యూదా గోత్రికుడు, అహోలీయాబు దాను గోత్రికుడు. అరణ్యములో ఇశ్రాయేలీయులు ప్రయాణము చేయునప్పుడు యూదా పాళెము అందరికంటె ముందు సాగెను, దాను పాళెము అందరికి వెనుక నడిచెను (సంఖ్యాకాండము 10:14, 25). దేవుడు ముందు వరుసలోనుండి ఒకని, చివరి వరుసలోనుండి ఒకని ఎన్నుకొని, వారిద్దరిని ఒకే పనిలో పెట్టెను. ఊరి చివర పేటలలో నివసించు మనకు ఇది గొప్ప ఆదరణ. చేతిపని నైపుణ్యము దేవుని ఆత్మవలన కలుగు వరమనియు, ఆ వరము వెనుక పాళెములో కూడ పుట్టుననియు ఇక్కడ నేర్చుకొనుచున్నాము.

నిర్గమకాండము 35:34 ను మరల చదువుడి. వారికి పని చేయు నేర్పు మాత్రమే గాక, ఇతరులకు నేర్పు బుద్ధియు దేవుడు పుట్టించెను. ఒకడు నేర్చుకొన్నది మరియొకనికి అందవలెనని ఆయన చిత్తము.

మన తెలుగువారిలో ప్రసిద్ధులైన ఎడిటర్ల జీవితములు చూడుడి. పలుమార్లు జాతీయ పురస్కారములు పొందిన అక్కినేని శ్రీకర్ ప్రసాద్ గారు, 2022లో విడుదలైన ఆర్ఆర్ఆర్ చిత్రమునకు ఎడిటరు. ఆయన తన తండ్రియు ఎడిటరునైన అక్కినేని సంజీవి గారి యొద్ద ఈ పని నేర్చిరి. బాహుబలి చిత్రములను కూర్చిన కోటగిరి వెంకటేశ్వరరావు గారు తమ అన్న గోపాలరావు గారి యొద్ద పనిచేసి నేర్చిరి. మార్తాండ్ కె. వెంకటేష్ గారి తండ్రి కె.ఏ. మార్తాండ్ గారును ఎడిటరే. వీరి ప్రతిభను తక్కువ చేయుటకు మేమీ మాట చెప్పుట లేదు. ఎంత ప్రతిభ గలవారికైనను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఇక్కడ కోయుము, ఇక్కడ ఆగుము అని చూపినవారు ఒకరుండిరని చెప్పుచున్నాము.

మన పేట పిల్లవాని తండ్రి కూలివాడు, తాపీ మేస్త్రి, లేక ఆటో నడుపువాడు. ఇటుక మీద ఇటుక వంకర లేక పెట్టుట తండ్రి నేర్పగలడు గాని, ఈ పనిలో అతనికి ఎరిగినవారెవరును లేరు. యూట్యూబు పాఠము చెప్పును గాని, పిల్లవాడు చేసిన పనిని చూడదు, తప్పు ఎక్కడనో చూపదు. స్టూడియో యజమాని యొద్దకు వచ్చి, ఈ బిడ్డ నమ్మకమైనవాడు, పని ఇచ్చి చూడుడి అని చెప్పదు. కాబట్టి మన బిడ్డలకు వరము కొదువ కాదు, చేయిపట్టుకొనువారు కొదువ.

3. బర్నబా చేసినది

సౌలు యెరూషలేమునకు వచ్చి శిష్యులతో కలిసికొన యత్నించినప్పుడు, అతడు శిష్యుడని ఎవరును నమ్మలేదు, అందరును భయపడిరి. అప్పుడు బర్నబా మూడు పనులు చేసెను. అతనిని దగ్గరకు తీసెను. అపొస్తలుల యొద్దకు తోడుకొని వచ్చెను. అతని పక్షముగా మాటలాడి సాక్ష్యమిచ్చెను. కొంతకాలమునకు అంతియొకయలో పని పెరిగినప్పుడు, బర్నబా తానే తార్సునకు వెళ్లి, సౌలును వెదకి తెచ్చి, సంవత్సరమంతయు అతనితో కలిసి పనిచేసెను (అ. కార్య. 11:25–26).

ఇక్కడ గమనింపవలసినది ఒకటి కలదు. సౌలునకు ధర్మశాస్త్రము నేర్పినది బర్నబా కాదు. సౌలు గమలీయేలు పాదములయొద్ద చదివినవాడు (22:3). చదువులో బర్నబా అతనికి గురువు కాడు గాని, ద్వారమునొద్ద నిలిచి తలుపు తీసినవాడు. మన సంఘ పెద్దలలో అనేకులు, మాకు కంప్యూటరే రాదు, మేమేమి నేర్పగలమని అందురు. సహోదరులారా, కంప్యూటరు నేర్పువారు పట్టణములో ఉన్నారు. బర్నబా పని చేయుటకు కంప్యూటరు రానక్కరలేదు.

మరియొక సంగతి. మార్కు అను మారుపేరుగల యోహాను పంఫూలియలో సేవను విడిచి తిరిగి వచ్చినందున, పౌలు అతనిని మరల వెంటబెట్టుకొనిపోవుట యుక్తము కాదని తలంచెను. బర్నబా అతనిని విడువక తనతో కుప్రకు తీసికొనిపోయెను. తరువాతి కాలమున అదే మార్కు తనకు ప్రయోజనకరమైనవాడని పౌలు తానే వ్రాసెను (2 తిమోతి 4:11). పట్టణమునకు పోయి, మూడు నెలలకే పని విడిచి ఇంటికి వచ్చిన పిల్లవానిని చూచి ఊరు నవ్వును. సంఘము నవ్వకూడదు. అతడు ఎందుకు తిరిగివచ్చెనో అడిగి, రెండవమారు పంపవలెను.

4. సంఘము చేయదగిన పనులు

మొదటిది, పిల్లల పనిని చూడవలెను. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అరగంట చాలును. చూచి, బాగున్నదని ఊరకుండక మూడు ప్రశ్నలడుగుడి. ఇది ఎవరి కొరకు చేసితివి? మాటలు స్పష్టముగా వినబడుచున్నవా? ఇందులో దేనిని తీసివేసినను నష్టము లేదు? వారము వారము ఈ ప్రశ్నలకు జవాబు చెప్పు పిల్లవాడు ఆరు నెలలకు తన పనిని తానే పరీక్షించుకొనుట నేర్చుకొనును.

రెండవది, భాష. సాఫ్ట్‌వేరులోని మాటలు సాధారణముగా ఆంగ్లములో ఉండును. తెలుగు మాధ్యమములో చదివిన బిడ్డ వాటిని చూచి తాను తెలివితక్కువవాడనని అనుకొనును. టైమ్‌లైన్, ట్రిమ్, ట్రాన్సిషన్, ఎక్స్‌పోర్ట్ మొదలైన మాటలు నూరు నేర్చుకొన్నయెడల ఆ భయము చాలవరకు పోవును. మన సంఘములోని ఉపాధ్యాయులు ఒక నోటుపుస్తకములో ఆ మాటలను తెలుగు అర్థములతో వ్రాయించి, దినమునకు ఐదు చొప్పున అప్పగించుకొనవచ్చును.

మూడవది, యంత్రము. ఫోనులో నేర్చుకొనుట మంచి ఆరంభమే గాని జీతపు పనికి కంప్యూటరు కావలెను. డావిన్సీ రిజాల్వ్ వంటి వాటికి 16 జీబీ మెమరీ గల యంత్రము తగియుండును. ఒక్కొక్క ఇంటికి అది భారము. నలుగురైదుగురు పిల్లలకు కలిపి సంఘము ఒకటి కొని, సంఘపు గదిలో వేళలు నిర్ణయించి వాడుకొననియ్యవచ్చును. సెకనునకు 100 మెగాబిట్ల చొప్పున తీసిన ఒక గంట వీడియో 45 జీబీల స్థలము తీసికొనును. కాబట్టి దాచుటకు వేరే డిస్కులు కావలెను. ప్రతి పనికి రెండు నకళ్లుంచి, ఒకదానిని వేరొక ఇంట దాచుట మొదటి దినమునుండియే అలవాటు చేయవలెను. ఒకరి పెండ్లి మరల జరుగదు. దానిని పోగొట్టినవాని మాట మరల ఎవరును నమ్మరు.

నాలుగవది, పనివాని యొద్ద చేర్చుట. మండల కేంద్రములోని మంచిపేరు గల ఫోటో స్టూడియో యజమాని యొద్దకు ఒక పెద్ద తానే బిడ్డతో కూడ వెళ్లవలెను. ఎన్ని నెలలు నేర్పుదురు, బస్సు ఖర్చు ఎవరిది, ఎప్పటినుండి ఎంత జీతమిచ్చెదరు అను సంగతులు కాగితము మీద వ్రాసికొనవలెను. నెలకొకసారి పోయి విచారింపవలెను. వెనుక పెద్దలున్నారని తెలిసిన బిడ్డను మోసగించుట సులభము కాదు.

ఐదవది, అప్పునుండి కాపాడుట. ఉద్యోగము తప్పదని ప్రకటించి పెద్ద ఫీజులు గుంజు శిక్షణాలయములు పట్టణములలో కలవు. తల్లి డ్వాక్రా సంఘములో అప్పు తీసి, పుస్తె తాకట్టుపెట్టి కట్టిన డబ్బు అక్కడ పోవుచున్నది. డబ్బు కట్టకముందు, అక్కడ నేర్చి పనిలోనున్న ముగ్గురితో మాటలాడవలెను, ఒక దినము తరగతిలో కూర్చుండి చూడవలెను, ఫీజు వివరము వ్రాతమూలముగా తీసికొనవలెను. వీటికి ఒప్పుకొననివారి గడప దిగి రావలెను. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనునని ప్రభువు చెప్పలేదా? (లూకా 14:28).

ఆరవది, చదువు మాననియ్యకూడదు. 1960లో భారత ప్రభుత్వము పూణెలో స్థాపించిన ఫిల్మ్ సంస్థలో ఎడిటింగు ప్రత్యేకముగా నేర్పుదురు. అందుకు డిగ్రీ చదివియుండవలెను, ప్రవేశపరీక్షలో నెగ్గవలెను. ఇంటరులోనే చదువు విడిచి కృష్ణానగరునకు బండి ఎక్కిన బిడ్డకు ఆ తలుపు మూతబడును.

ఏడవది, మన కుమార్తెలు. ఆడపిల్లలకు ఈ పని ఎందుకనువారు కలరు. ఆ పూణె సంస్థలోనే చదివిన రేణు సలూజా గారు హిందీ చిత్రములకు పనిచేసి, 2000లో మరణించులోగా ఎడిటింగునకు 4 మారులు జాతీయ పురస్కారము పొందిరి. కూర్చుండి ఓపికతో చేయు ఈ పనికి స్త్రీలు ఏ విధముగాను తక్కువ వారు కారు. అయితే రాత్రివేళ ఒంటరిగా స్టూడియోలో ఉండవలసిన పనికి పంపకూడదు. సంఘపు గదిలో నేర్పునప్పుడు కూడ ఇద్దరు పెద్దలుండవలెను, తలుపు తెరచియుండవలెను, తల్లిదండ్రులకు వేళ తెలిసియుండవలెను. ఈ కట్టుబాటు మగపిల్లల విషయములోను అవసరమే.

5. కూలి సంగతి

ఇక్కడ సంఘములు తమ్మును తాము పరీక్షించుకొనవలసిన విషయమొకటి కలదు. క్రిస్మసు కార్యక్రమము వీడియో, సువార్త కూటముల వీడియో, పాటల వీడియో యావత్తును పేటలోని పిల్లవానిచేత రాత్రులు మేలుకొలిపి చేయించి, ఒక టీ ఇచ్చి, ఇది ప్రభువు సేవ అని చెప్పి పంపు వాడుక కొన్ని చోట్ల కలదు. మైకు సెట్టువానికి కూలి ఇచ్చెదరు, పందిరి వేసినవానికి కూలి ఇచ్చెదరు. మన బిడ్డ గనుక ఇతనికి మాత్రము ఏమియు లేదు. ఆ బిడ్డ తల్లి మరునాడు పొలము కూలికి పోవుచున్నది. పనివాడు తన జీతమునకు పాత్రుడని లేఖనము బోధించుచున్నది (1 తిమోతి 5:18). బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు 5:4 హెచ్చరించుచున్నది.

కానుకగా ఇచ్చుటకు ఆ బిడ్డకు స్వేచ్ఛ కలదు. కాని కానుక ఇచ్చువాని చేతిలోనుండి రావలెను గాని, పుచ్చుకొనువాడు నిర్ణయించునది కాకూడదు. మొదట కూలి అతని చేతిలో పెట్టుడి. దానిలో దశమభాగము అతడు సంతోషముతో తెచ్చినయెడల అది నిజమైన అర్పణ. సంఘము తన పనికి వెలకట్టినయెడల, ఆ బిడ్డ బయట కూడ తన పనికి వెల అడుగుట నేర్చుకొనును. సంఘమే ఊరక చేయించుకొన్నయెడల, లోకము అతనిని ఊరక చేయించుకొనుటకు మనమే దారి చూపినవారమగుదుము.

6. సత్యము సంగతి

ఎడిటరు చేతిలో ఒక ప్రమాదకరమైన శక్తి కలదు. ఒకడు కాదు అని చెప్పిన మాటను ఒక ప్రశ్న వెనుకనుండి తీసి మరియొక ప్రశ్న వెనుక పెట్టినయెడల, అతడు చెప్పనిది చెప్పినట్లగును. ఒక వాక్యములో సగము కోసి ఊరి మీదికి విడిచినయెడల, రెండు కులముల మధ్య, రెండు మతముల మధ్య అగ్ని రగులును. నేడు కృత్రిమ మేధతో ఒకని ముఖమును, కంఠమును కల్పించుట కూడ సాధ్యమైనది. పొరుగువాని మీద అబద్ధసాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞ నోటికి మాత్రమే కాదు, కోయు వ్రేలికిని వర్తించును.

కాబట్టి నేర్చుకొనువానికి ఈ అభ్యాసమియ్యవలెను. ఒక గంట ప్రసంగమును 5 నిమిషములకు తగ్గించి, బోధకునికే చూపి, మీ భావము మారలేదు గదా అని అడుగవలెను. మారినదని ఆయన చెప్పినయెడల మరల చేయవలెను. అట్లే ఇతరుల పాటను అనుమతి లేక వాడుకొనుట తగదని నేర్పవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము పాట కట్టినవారికిని పాడినవారికిని హక్కులు కల్పించియున్నది. భక్తి పాటయైనను దొంగిలింపకూడదు.

7. ఉన్నదున్నట్లు చెప్పుట

పిల్లలకు మనము కలలు అమ్మకూడదు. సినిమాలలో పేరు వేయించుకొనువారు బహు కొద్దిమంది. పెండ్లి వీడియో పని ముహూర్తములను బట్టి నడచును. ఆషాఢములోను మూఢములోను చేతిలో పని తగ్గును. మాటలను బొమ్మ క్రింద వ్రాయుట, మౌనమున్నచోట్ల కోయుట వంటి పనులను నేడు సాఫ్ట్‌వేరు తానే చేయుచున్నది. కోయుట మాత్రమే నేర్చినవానికి రేపు పని యుండకపోవచ్చును. ఏది నిజము, ఏది ముఖ్యము, ఏది విడువవలెను అని తెలిసినవానికి పనియుండును. కాబట్టి కథ చెప్పుట, పుస్తకములు చదువుట, మంచి తెలుగు తప్పులేక వ్రాయుట వారికి నేర్పుడి. వార్తా సంస్థలలో, కళాశాలలలో, వ్యాపారములలో, ఫోటో స్టూడియోలలో ఈ పని కలదని చెప్పుడి. మూడేండ్లు పట్టునని చెప్పుడి. ఆ మూడేండ్లు మేము నీతోనున్నామని కూడ చెప్పుడి. ఆ రెండవ మాట లేక మొదటి మాట చెప్పినయెడల అది నిరుత్సాహపరచుటయే.

బర్నబా అను పేరునకు హెచ్చరిక పుత్రుడని అర్థము. ఆ పేరు అతని తల్లిదండ్రులు పెట్టినది కాదు. అతని నడత చూచి అపొస్తలులు పెట్టినది. మన పేటలలో ఏ పెద్దకైనను, ఏ తల్లికైనను, ఏ ఉపాధ్యాయునికైనను ఆ పేరు పెట్టదగినంతగా మన బిడ్డలలో ఒకరిని చేయిపట్టుకొను కృప ప్రభువు దయచేయును గాక.

కూడికలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో ఈ పనియందు ఆసక్తిగల బాలబాలికలెవరు? వారి పనిని ఇంతవరకు చూచిన పెద్దలెవరు?
2. బెసలేలు, అహోలీయాబులకు దేవుడిచ్చిన రెండు వరములేవి? రెండవ దానిని మనము ఎట్లు వాడుచున్నాము?
3. గత సంవత్సరము మన సంఘ కార్యక్రమముల వీడియో పని చేసినదెవరు? వారికి కూలి ముట్టినదా?
4. పని విడిచి తిరిగివచ్చిన మార్కులు మన ఊరిలో ఉన్నారా? వారి యింటికి ఈ వారము ఎవరు వెళ్లుదురు?

ప్రార్థనాంశము: చేతిపనుల వరములనిచ్చు తండ్రి మన పేటల యౌవనస్థులకు నేర్పును, సత్యమును, నమ్మకమైన స్నేహితులను అనుగ్రహించునట్లును, పెద్దలకు వారిని వెదకి వెళ్లు మనస్సు కలుగజేయునట్లును ప్రార్థించుదము. ఆమేన్.